వెలివేసే అధికారం, వెళ్లిపోయే హక్కు

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో రాజ్యపు చర్చి నుంచి విడిగా కూడుకున్న స్వతంత్ర క్రైస్తవ సంఘాలు తమ వ్యవహారాల గురించి రాసుకున్న పుస్తకాలు చదివేవాళ్లలో కొందరు నవ్వుకుంటారు. బెడ్‌ఫర్డ్ సంఘ పుస్తకంలో 1670ల నాటి జాన్ రష్ కేసు చూస్తే నవ్వు రావడం సహజం. స్వాన్ అనే సత్రం నుంచి అతన్ని ఇల్లు చేర్చడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చారట. తీరా చేర్చాక కూడా ఇంట్లోవాళ్లకు బతికున్న మనిషిగా అప్పగించలేకపోయారట. మరికొందరికి ఇదే చదివితే ఒళ్లు మండుతుంది. ఎవడెంత తాగాడు, ఎవరు ఎవర్ని పెళ్లాడారు, ఆదివారం ఎవరు ఏ గుడిలో కూర్చున్నారు, ఇవన్నీ పదిమంది కూర్చుని తీర్పు చెప్పాల్సిన విషయాలా అని.

ఆ పుస్తకాల మీద ఏళ్ల తరబడి పనిచేసే మాలాంటి వాళ్లకు నవ్వూ కోపమూ కాస్త తగ్గాక వేరే ప్రశ్న మిగులుతుంది. ఈ తీర్పు ఎవరిచ్చారు? ఎన్ని మెట్లు దాటి ఇచ్చారు? తీర్పు పడ్డ మనిషికి ఆ తర్వాత ఏ దారి మిగిలింది? ఈ మూడూ చూస్తే నాకు కనిపించేది ఇది: వాళ్ల క్రమశిక్షణ ఆ కాలపు కొలతల్లో చాలా మెత్తనిది. దాన్ని పాడుచేసింది కఠినత్వం అనుకోను. సభ్యుడు తనంతట తాను లేచి వెళ్లిపోవడాన్ని కూడా నేరంగా లెక్కగట్టారు, అన్యాయం జరిగితే మొరపెట్టుకోవడానికి బయట ఎవర్నీ ఉంచలేదు. అసలు గాయాలన్నీ అక్కడే తగిలాయి.

మెత్తనిది అన్నానంటే ముందు పోలిక చూపించాలి. అప్పటి ఇంగ్లండులో పుట్టిన ప్రతి మనిషీ పుట్టుకతోనే రాజ్యపు చర్చికి చెందిన తన ఊరి గుడి, అంటే పారిష్ చర్చి సభ్యుడు. అతని నడవడి మీద అధికారం బిషప్ కింద పనిచేసే ఆర్చిడీకన్ కోర్టుది, బిషప్ కోర్టుది. అక్రమ సంబంధం, ఆదివారం పని చేయడం, గుడికి రాకపోవడం, పరువునష్టం, దశమభాగం (రాబడిలో చర్చికి కట్టాల్సిన పదో వంతు) బకాయి, వీలునామా తగాదా, అన్నీ అక్కడికే. కోర్టు బంట్రోతు వచ్చి సమను ఇస్తాడు. హాజరు కాకపోతే ధిక్కారం కింద వెలి. వెలిపడ్డ మనిషి దావా వేయలేడు, చనిపోతే మతకర్మతో పాతిపెట్టరు. 40 రోజులు దాటినా లొంగకపోతే బిషప్ ఆ సంగతి రాజు న్యాయస్థానమైన చాన్సరీకి రాసి పంపుతాడు, అక్కడి నుంచి షెరీఫుకు రిట్ వెళుతుంది, మనిషి జైలుకు పోతాడు. తప్పు ఒప్పుకుంటే తెల్ల దుప్పటి కప్పుకుని, చేత తెల్ల కర్ర పట్టుకుని పారిష్ గుడిలో అందరి ముందూ నిలబడాలి. చేతిలో డబ్బున్నవాడు ఆ అవమానం తప్పించుకుని రొక్కం కట్టే వీలుండేది. వెలి ఎత్తేయడానికి కూడా ఫీజే.

దీన్ని చూసి విసిగి ఆ చర్చిని విడిచిపోయిన వేర్పాటువాదులు క్రమశిక్షణే వద్దని అనలేదు. వాళ్ల ఫిర్యాదు సరిగ్గా ఎదురు దిక్కులో ఉంది. క్రీస్తు సంఘానికిచ్చిన తాళపుచెవులను, అంటే చేర్చుకునే, వెలివేసే అధికారాన్ని, జీతానికి పనిచేసే న్యాయవాది పట్టుకుని ఫీజుల కోసం తిప్పుతున్నాడు, తాగుబోతు వచ్చి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) దగ్గర కూర్చుంటున్నాడు, ఫీజు కట్టలేని బీదవాడు వెలి పడుతున్నాడు అన్నది వాళ్ల బాధ. 1582లో రాబర్ట్ బ్రౌన్ ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా సంస్కరణ చేసుకోవాలని రాసింది ఈ బాధతోనే. 1593లో హెన్రీ బారో, జాన్ గ్రీన్‌వుడ్, జాన్ పెన్రీ ఉరికంబం ఎక్కారు. ఆ తర్వాతి తరాల్లో ప్రతి సంఘమూ తన పాలన తానే చూసుకోవాలనే కాంగ్రిగేషనల్ సంఘాలూ, విశ్వసించినవాళ్లకే బాప్తిస్మం ఇచ్చే బాప్టిస్టు సంఘాలూ కట్టుకున్న పద్ధతి అంతా మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని మూడు వచనాల చుట్టూ తిరుగుతుంది. ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు, సంఘపు మాట కూడా వినకపోతే అన్యునిగా సుంకరిగా, అంటే బయటివాడిగా ఎంచుకో.

ఈ మెట్లు కాగితం మీద తేలిక. నడిపించడమే కష్టం. ఒక కేసు మామూలుగా ఎలా సాగేదో చూద్దాం.

మొట్టమొదట, ఆ మనిషి సభ్యుడై ఉండాలి. సభ్యుడు కావడమే ఒక తతంగం. సంఘం ముందు తన మారుమనస్సు గురించి సాక్ష్యం చెప్పాలి. సంఘం పంపిన సోదరులు అతని నడవడి గురించి ఇరుగుపొరుగును విచారించి వస్తారు. తర్వాత సంఘం సమ్మతి, నిబంధనకు (సంఘస్థులంతా కలిసి చేసుకునే ఒడంబడికకు) ఒప్పుకోవడం. అంటే క్రమశిక్షణ కిందకు తెలిసి వచ్చినవాడి మీదే క్రమశిక్షణ. 1658 శరదృతువులో లండన్‌లోని సవాయ్ భవనంలో సుమారు 120 కాంగ్రిగేషనల్ సంఘాల ప్రతినిధులు కూర్చుని రాసిన ప్రకటనలో దీన్ని స్పష్టంగా పెట్టారు: ఒక సంఘం తన సొంత సభ్యుల మీద తప్ప ఇంకెవరి మీదా శిక్ష వేయలేదు. ఏ మహాసభకూ ఎవర్నీ వెలివేసే అధికారం లేదు, వెలివేస్తామని బెదిరించే అధికారం కూడా లేదు. ఊళ్లో మిగతా వాళ్ల తాగుడు సంగతి ఈ సంఘానికి పట్టదు.

తర్వాత, తప్పు గుట్టుదా బహిరంగమైనదా అని తేల్చాలి. ఒకరిద్దరికే తెలిసిన తప్పయితే, తెలిసినవాడు ముందు ఆ మనిషితోనే మాట్లాడాలి. లండన్ హార్స్‌లీడౌన్ బాప్టిస్టు కాపరి బెంజమిన్ కీచ్ 1697లో సంఘ క్రమశిక్షణ మీద వేసిన చిన్న పుస్తకంలో దీనికి పదును పెట్టాడు: తప్పు చేసినవాడి దగ్గరికి పోకుండా ముందు ఇంకొకరికి చెప్పినవాడు తానే తప్పులో పడ్డట్టు. నన్నడిగితే మొత్తం ఏర్పాటులో బంగారం లాంటి నియమం ఇదే. చాడీని నేరం చేశాక గుసగుసలు ముందుకు సాగవు. నలుగురి నోళ్లలో నాని వచ్చిన ఫిర్యాదును ఫిర్యాదీ మీదికే తిప్పవచ్చు.

బహిరంగమైన తప్పయితే ఈ మెట్టు ఉండదు, నేరుగా సంఘం ముందుకే. సత్రం నుంచి ముగ్గురు మోసుకొస్తుంటే వీధంతా చూసిన రష్ విషయంలో ఒంటరిగా వెళ్లి చెప్పాల్సింది ఏముంది? అయితే ఏది బహిరంగం, ఏది గుట్టు అని నిర్ణయించేది ఎవరన్న చోట చాలా కేసులు వంకరపోయాయి. పెద్దలకు తొందరగా ముగించాలని ఉంటే ప్రతి తప్పూ బహిరంగంగానే కనిపిస్తుంది.

విషయం సంఘ కూడికకు వచ్చాక ఇద్దరు సోదరులను పంపుతారు. వాళ్లు ఆ మనిషిని కలిసి, వచ్చే కూడికకు రమ్మని చెప్పి, ఏమన్నాడో వచ్చి నివేదిస్తారు. పుస్తకంలో నమోదవుతుంది. రాకపోతే మళ్లీ ఇద్దరు. ఈలోగా అతను ప్రభువు బల్లకు దూరంగా ఉండాలి. కూడికలు చాలా చోట్ల నెలకొకటి కాబట్టి ఇలా రెండు మూడు సార్లు తిరిగేసరికి నెలలు గడిచిపోతాయి. ఈ నిదానం ఉద్దేశపూర్వకమే. కోపం చల్లారడానికీ, మనిషి తనంతట తాను దిగిరావడానికీ వ్యవధి కావాలి. అప్పటికీ పశ్చాత్తాపం కనపడకపోతే సంఘమంతటి తరఫునా పెద్దల నోట, క్రీస్తు పేరిట హెచ్చరిక. అదీ పనిచేయకపోతే సంఘం సమ్మతితో వెలి. సవాయ్ ప్రకటన ప్రకారం శిక్షలు ఈ రెండే, హెచ్చరిక, వెలి. జరిమానా లేదు, దుప్పటి లేదు, జైలు లేదు.

వెలి అంటే ఏం పోయేది? బల్ల దగ్గర చోటు, సంఘ కూడికలో నోరు, సోదరుడా సోదరీ అనిపించుకునే బంధం, బీద సభ్యుల కోసం పరిచారకుల చేతిలో ఉండే చందా నిధి నుంచి సాయం. ప్రసంగం వినడానికి రావచ్చు. 1648లో మసాచుసెట్స్‌లో ఇదే బాటకు చెందిన వలస ఇంగ్లీషువాళ్లు రాసుకున్న కేంబ్రిడ్జి నిబంధనావళి దీన్ని విడమరిచి చెప్పింది: వెలిపడినవాడితో కలిసి తినకూడదు, తాగకూడదు, కానీ రక్తసంబంధాలకూ ఇంటి సంబంధాలకూ పౌర సంబంధాలకూ అవసరమైనంత మేర వ్యవహారం సాగాలి. అతని పౌరహక్కులకు ఏ భంగమూ లేదు. మన పల్లెల్లో వెలి అంటే నిప్పూ నీళ్లూ బందు, చాకలీ మంగలీ రారు, బావి దగ్గర చేద దించనివ్వరు. దానికీ దీనికీ చాలా దూరం. ఆ దూరం కాగితం మీద ఉన్నంతగా చిన్న ఊళ్లో ఉండదన్నదీ నిజమే. చెప్పులు కుట్టేవాడి ఖాతాదారుల్లో సగంమంది సంఘస్థులే అయినప్పుడు బల్ల నుంచి దూరం పెడితే అంగడి దాకా పాకుతుంది.

తిరిగి రావడానికి దారి ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్లు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే, ఆ మాటలో నిజం ఉందని సంఘానికి తోస్తే, సమ్మతితో మళ్లీ చేర్చుకుంటారు. ఫీజు లేదు. కొందరు రెండు మూడు సార్లు బయటికీ లోపలికీ తిరిగారు.

ఇక ఏ తప్పులు ఈ మెట్లు ఎక్కేవో చూద్దాం. తాగుడు, వ్యభిచారం, పోట్లాట, అప్పులు ఎగ్గొట్టడం, వ్యాపారంలో మోసం, విశ్వాసులు కానివాళ్లను పెళ్లాడటం, కూడికలకు రాకపోవడం. దివాళా తీసిన సభ్యుడి లెక్కలు చూడటానికి సోదరులను నియమించడం చాలా సంఘాల్లో ఉంది. నష్టం దురదృష్టం వల్లనా, దుబారా వల్లనా, దాపరికం వల్లనా అని తేల్చేవాళ్లు. బాకీదారుణ్ని తీసుకెళ్లి జైల్లో పెట్టే కాలంలో అదొక మానవీయమైన విచారణ అనే నేనంటాను. హంటింగ్డన్‌షైర్‌లోని ఫెన్‌స్టాంటన్ బాప్టిస్టుల పుస్తకం ఇంకా విలువైనది. 1650ల మొదట్లో హెన్రీ డెన్, ఆయన తోటివాళ్లు రాకుండా పోయిన సభ్యులను వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, ఎందుకు రావడం లేదని అడిగి, వాళ్లు చెప్పిన జవాబులు రాసుకున్నారు. తమలో ఉన్న ఆత్మే చాలు, బాప్తిస్మాలూ బల్లలూ ఇక అక్కర్లేదని కొందరన్నారు. కొందరు ఆ సంస్కారాలు పాటించని క్వేకర్లలో కలిశారు. వెలి తప్పలేదు, కానీ వెలిపడ్డవాడి మాట వాడి నోటి మాటలాగే పుస్తకంలో నిలిచింది. కోర్టు రికార్డుల మూస భాషలో అది దొరకదు. అదే సంఘంలో జాన్ బ్లోస్ అనే అతను ఉపవాస దినాన కూడికకు రాకుండా పెద్ద ఫుట్‌బాల్ ఆటకు వెళ్లాడు. ఆట ఏర్పాటు చేసినవాళ్లలో అతనే ముఖ్యుడు. ఇప్పుడు చదివితే చిన్న తప్పు. ఉపవాసం సంఘమంతా కలిసి ఒప్పుకున్నదనీ, ఆటకు వేరే రోజు పెట్టుకోగల మనిషే ఆ రోజు పెట్టాడనీ గుర్తుంటే వాళ్ల బాధ అర్థమవుతుంది.

బెడ్‌ఫర్డ్ కూడా అంతే. 1650లో జాన్ గిఫర్డ్ కాపరిగా 12 మందితో మొదలైన సంఘం. 1660లో రాజరికం తిరిగొచ్చింది. 1664 చట్టం ప్రకారం ఇంటివాళ్లు కాక ఐదుగురూ అంతకు మించీ చేరి ఆరాధిస్తే మొదటిసారి 5 పౌన్లు లేదా 3 నెలల జైలు. మూడోసారికి ద్వీపాంతరం. 1670 చట్టం మామూలు మనిషికి జరిమానాను 5 షిల్లింగులకు తగ్గించి, బోధకుడికీ ఇల్లిచ్చినవాడికీ 20 పౌన్లు చేసింది, పట్టిచ్చినవాడికి వాటా పెట్టింది. 1660ల నడుమ కొన్నేళ్లు బెడ్‌ఫర్డ్ పుస్తకంలో నమోదులే లేవు. 1668లో మళ్లీ మొదలైనప్పుడు మొట్టమొదటి పని జారిపోయిన సభ్యులను వెతికి పలకరించడం. అలా పంపినవాళ్లలో జైలు శిక్షలో ఉంటూనే అప్పుడప్పుడూ బయటికొచ్చే బోధకుడు జాన్ బన్యన్ కూడా ఉన్నాడు. రాబర్ట్ నెల్సన్ అనే సభ్యుణ్ని వెలివేసిన కారణం, పారిష్ చర్చి పెద్ద సభలో బిషప్ చేతులమీదుగా కన్ఫర్మేషన్ (ఆ చర్చి సభ్యత్వ స్థిరీకరణ) తీసుకోవడం. మతమౌఢ్యం అని కొట్టిపారేయడం తేలిక. బన్యన్ జైల్లో ఉన్నాడు, ఇంటిసామాను జప్తవుతోంది, ఆ సమయంలో ఒక సోదరుడు అందరి ముందూ బిషప్ దగ్గర మోకరిల్లాడు. తోటివాళ్ల గుండె పగిలిందని పుస్తకంలో రాసింది అతిశయోక్తి అనుకోను.

ఇంతవరకూ వాళ్ల తరఫున మాట్లాడాను. ఇప్పుడు గాయం సంగతి.

తాళపుచెవి ఎవరిది? సంఘానికి చెప్పు అన్నప్పుడు సంఘమంటే అందరూనా, పెద్దలేనా? ఈ ప్రశ్న మీద ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రవాస ఇంగ్లీషు సంఘం చీలింది. కాపరి ఫ్రాన్సిస్ జాన్సన్ లండన్‌లో ఖైదీగా ఉండగా థామసిన్ అనే వితంతువును పెళ్లాడాడు. ఆమె దుస్తులు ప్రవాస బీదసంఘానికి తగనివని, ఆ ఉంగరాలేమిటి, ఆ వెల్వెట్ టోపీ ఏమిటని కాపరి తమ్ముడు జార్జి పట్టుపట్టాడు. ఏళ్లపాటు లాగి చివరికి 1599 ప్రాంతంలో జార్జినే వెలివేశారు. కొడుకులకు రాజీ కుదర్చడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలి తండ్రిని కూడా వెలివేశారు. టోపీ గొడవలో జార్జిది రైటని నేననను, అతను మొండివాడు, నోరు మంచిది కాదు. అయినా ఫిర్యాదు కాపరి భార్య మీద, తీర్పు నడిపేది కాపరి. ఆ కుర్చీలోంచి కాపరి లేవాలన్న నియమం ఎక్కడా లేదు. 1610లో ఫ్రాన్సిస్ జాన్సన్ సంఘమంటే పెద్దలే అన్న వాదనకు దిగినప్పుడు బోధకుడు హెన్రీ ఎయిన్స్‌వర్త్ ఒప్పుకోలేక తనవాళ్లతో విడిపోయాడు.

లండన్ బాప్టిస్టులు 1644 నాటి తమ విశ్వాస ప్రకటనలో దీన్ని తేల్చేశారు: చేర్చుకునే, వెలివేసే అధికారం ప్రతి సంఘంలో సంఘమంతటిది, ఏ ఒక్క సభ్యుడిదో ఏ ఒక్క అధికారిదో కాదు. ఎంత గొప్ప సభ్యుడైనా సంఘం తీర్పుకు లోబడాలనీ, సంఘం తన సభ్యుల మీదకు జాగ్రత్తగా, మెత్తగా, తగిన సలహా తీసుకుని వెళ్లాలనీ కూడా చేర్చారు. మంచి మాటలు. అయితే సంఘమంతా అన్నప్పుడు చాలా చోట్ల అది సోదరుల సమ్మతే. జాబితాలో సోదరీలే ఎక్కువగా ఉన్న సంఘాల్లోనూ అంతే.

సూజన్నా పార్ కేసు ఇక్కడే ముఖ్యమవుతుంది. ఎక్సెటర్‌లో లూయిస్ స్టక్లీ సంఘం కట్టిన మొదటివాళ్లలో ఆమె ఒకరు. మొదట్లో ఆమెను కూడికల్లో అభిప్రాయం చెప్పమని అడిగారు. ఆమె అభిప్రాయం పెద్దలతో కలవనప్పుడు ఆడవాళ్లు మాట్లాడటమే తప్పయింది. బిడ్డ చనిపోయినప్పుడు ఆ దుఃఖంలో, ఊళ్లోని తక్కిన దైవభక్తుల నుంచి ఇలా వేరుపడటం సరైనదేనా అన్న సందేహం ఆమెను పట్టుకుంది. వేరే పద్ధతికి చెందిన ప్రెస్బిటేరియన్ బోధకుడు థామస్ ఫోర్డ్ ప్రసంగాలు వినడం మొదలుపెట్టి, చివరికి సంఘం వదిలేసింది. మేరీ అలీన్ కూడా అదే బాట పట్టింది. సంఘం వాళ్లిద్దర్నీ వెలివేసింది. స్టక్లీ, మేరీ భర్త టోబీ అలీన్ ఎవరి వైపు కథ వాళ్లు అచ్చువేశారు, 1659లో పార్ తన సమర్థనను తానే అచ్చువేసింది.

ఆమె తాగలేదు, మోసం చేయలేదు, విశ్వాసం విడిచిపెట్టలేదు. పక్క గుడిలో అదే సువార్త విన్నది. వెళ్లిపోయిన మనిషిని వెళ్లిపోయినందుకే వెలివేశారు. ఆ వెలి వల్ల సంఘానికి ఒరిగిందేమిటి? ఆమెను మళ్లీ తెచ్చుకోలేదు, మందను కాపాడుకున్నదీ లేదు. ఊళ్లో ఆమె పేరు చెడగొట్టడం తప్ప ఇంకే ప్రయోజనమూ నాకు కనపడదు.

ఆన్ వెంట్‌వర్త్ గతి ఇంకా ఘోరం. భర్త తనను 18 ఏళ్లు హింసించాడని ఆమె 1676, 1677లలో అచ్చువేసిన పుస్తకాల్లో రాసింది. ఆమె అతన్ని విడిచి వచ్చేసింది. లండన్‌లోని ఆమె బాప్టిస్టు సంఘం సోదరులు భర్త పక్షాన నిలిచారు. గర్విష్ఠి, కోపిష్ఠి, పగబట్టే పిచ్చిది అని తన మీద వేసిన ముద్రలన్నీ ఆమే వరసగా రాసుకుంది. సంఘం వెలివేసింది. మత్తయి 18లోని మొదటి మెట్టును ఇలాంటి కేసులో పెట్టి చూడండి: కొట్టే మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లి తప్పు చెప్పమంటున్నాం. సాక్షులిద్దరూ అతని స్నేహితులు. సంఘమంటే అతని తోటి మగవాళ్లు. ప్రతి మెట్టునూ తు.చ. తప్పకుండా పాటించినా అన్యాయం తప్పదు. సమానుల మధ్య తగాదాకు రాసిన పద్ధతిని అసమానుల మధ్య వాడటం వల్ల వచ్చిన కీడు ఇది. ఆ కాలపు పుస్తకాల్లో దీన్ని గుర్తించినవాళ్లు చాలా అరుదు.

ఇంకో జబ్బు కూడా ఉంది, కంటికి తొందరగా ఆనదు. మనిషి మీద మొదటి ఆరోపణ చిన్నది. ఏదో కోపంలో అన్న మాట, రెండు కూడికలు మానడం. సోదరులు వెళ్లి పిలిచారు, అతను రానన్నాడు. మళ్లీ పిలిచారు, తలుపు వేసుకున్నాడు. చివరికి వెలి పడేనాటికి పుస్తకంలో రాసే నేరం మొదటిది కాదు, సంఘాన్ని తృణీకరించాడన్నది. ఆర్చిడీకన్ కోర్టులో ధిక్కారానికి వెలివేస్తున్నారని తిట్టిపోసినవాళ్లే అదే గుంటలో పడ్డారు. పిలిచినా రాకపోవడం వెనక భయం ఉండొచ్చు, సిగ్గు ఉండొచ్చు, వచ్చిన ఇద్దరి మీదా నమ్మకం లేకపోవచ్చు. ఆ ఇద్దర్నీ ఎంచుకోవడంలో నిందితుడికి ఓ మాట ఉంటే చాలా కేసులు మరోలా ముగిసేవి.

విచిత్రం ఏమిటంటే, మందు వాళ్ల దగ్గరే ఉంది. పార్ కేసు రగులుతున్న రోజుల్లోనే రాసిన సవాయ్ ప్రకటన 28వ అంశం చూడండి. సరైన కారణం లేకుండా సంఘం విడిచిపోకూడదని మొదలుపెట్టి, పాపం చేయకుండా ఆ సంఘంలో ఉండలేననుకున్నవాడు, న్యాయంగా రావలసిన హక్కులు దక్కనివాడు, వాక్యంలో లేనిదాన్ని ఆచరించమని బలవంతానికి గురైనవాడు, ఊరు మారినవాడు, సంఘంతోనో పెద్దలతోనో మాట్లాడి, శాంతిగా వెళ్లి వేరే సంఘంలో చేరవచ్చు అంటుంది. మాట్లాడి అన్నారు, అనుమతి తీసుకుని అనలేదు. ఆ తేడా చాలా పెద్దది. ఆచరణలో చాలా సంఘాలు దాన్ని అనుమతిగానే మార్చేశాయి. కీచ్ సంఘం ఒప్పుకోకుండా విడిచిపోవడాన్ని క్రమం తప్పడంగానే లెక్కపెట్టాడు. బెడ్‌ఫర్డ్ సంఘం లండన్ వెళ్లిన సభ్యులకు బదిలీ ఉత్తరం ఇవ్వాలంటే జాన్ ఓవెన్, జార్జ్ కొకెయిన్, జార్జ్ గ్రిఫిత్, ఆంథొనీ పామర్ల సంఘాల్లాంటి తెలిసిన చోట్లకే ఇచ్చేది. వేరే సంఘానికి ఇవ్వమంటే కాదన్న సందర్భమూ ఉంది. ఉత్తరం లేకుండా పోతే క్రమం తప్పి నడిచినట్టు.

తలుపు తెరిచి పెడితే క్రమశిక్షణ ఏం మిగులుతుంది, మందలించగానే పక్క సంఘంలో చేరతాడు కదా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ప్రశ్నలో బలం ఉంది. 1689లో విడిపోయినవాళ్ల ఆరాధనను అనుమతించే సహన చట్టం వచ్చి, ఊరికి రెండు మూడు ఆరాధన మందిరాలు వెలిశాక జరిగింది కొంతవరకు ఇదే. నా జవాబు వాళ్ల చరిత్రలోనే ఉంది. ఈ సంఘాలన్నీ పుట్టింది ఒక చర్చిని ఎవర్నీ అడగకుండా విడిచివచ్చిన మనుషుల వల్ల. మనస్సాక్షి చెబితే బిషప్‌ను కాదని రావచ్చుగానీ స్టక్లీని కాదని పోకూడదంటే ఆ వాదన నిలబడదు. తెలిసి, ఇష్టపడి నిబంధన చేసుకున్నవాడి మీదే క్రమశిక్షణ అన్నప్పుడు, ఆ ఇష్టం రేపు కూడా ఉండాలి. లేని రోజున మిగిలేది చిన్న సైజు పారిష్ చర్చే.

రెండో లోపానికీ, అంటే బయట మొర లేకపోవడానికీ, మందు దొరకకపోలేదు. 1630ల చివర హాలండులోని రోటర్‌డామ్ ఇంగ్లీషు సంఘం తన బోధకుల్లో ఒకడైన జాన్ వార్డ్‌ను పదవి నుంచి తీసేసింది. ఇది అన్యాయమని ఆర్నెమ్‌లోని సోదర సంఘానికి తోచింది. ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. అయినా మనుషుల్ని పంపి, ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, రోజుల తరబడి విన్నారు. చివరికి రోటర్‌డామ్ సంఘం తన తప్పు బహిరంగంగా ఒప్పుకుని ఆయన్ను తిరిగి నిలబెట్టింది. 1644లో ఈ బాటకే చెందిన ఐదుగురు బోధకులు, థామస్ గుడ్విన్, ఫిలిప్ నై, విలియం బ్రిడ్జి, సిడ్రాక్ సింప్సన్, జెరెమయా బరోస్ తమ సమర్థనలో దీన్ని గర్వంగా చెప్పుకున్నారు. వినని సంఘంతో తక్కిన సంఘాలు సహవాసం మానేస్తాయి, అంతకు మించిన బలప్రయోగం అక్కర్లేదన్నారు. సవాయ్ వాళ్లూ సలహా సభలను ఒప్పుకున్నారు, శిక్షించే అధికారం లేకుండా. రోటర్‌డామ్‌లో మొర వినిపించుకున్నది పదవి పోయిన బోధకుడు. ఆయనకు ఉత్తరాలు రాయగల స్నేహితులున్నారు. సూజన్నా పార్ కోసం ఏ సంఘమూ ప్రతినిధుల్ని పంపలేదు. ఆమెకు అచ్చుయంత్రమే సలహా సభ అయింది.

ఈ చరిత్ర తెలుగు నేలకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టి, తర్వాత కడప, బళ్లారి వైపు విస్తరించిన లండన్ మిషనరీ సొసైటీకి ఇంగ్లండులో వెన్నెముక కాంగ్రిగేషనల్ సంఘాలే. కీచ్ కొడుకు ఎలియాస్ 1688లో పెన్సిల్వేనియాలో పెన్నెపాక్ బాప్టిస్టు సంఘం కట్టాడు. ఆ అమెరికన్ బాప్టిస్టుల తర్వాతి తరాలే నెల్లూరుకూ ఒంగోలుకూ వచ్చాయి. ప్రభువు బల్లకు దూరం పెట్టడం, సంఘం ముందు ఒప్పుకోలు, బదిలీ ఉత్తరం, ఇవన్నీ మన సంఘాల్లో ఎందరికో తెలిసిన సంగతులే. వాటి పక్కన ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ, తెలుగువాళ్లున్న ప్రతి నగరంలోనూ ఏ సమాజానికీ చెందని ఇండిపెండెంట్ సంఘాలు లేచాయి. వాటిలో కాపరే వ్యవస్థాపకుడు, స్థలం ఆయన పేరునే, పెద్దలు ఆయన ఎంచుకున్నవాళ్లే అయిన చోట్ల పరిస్థితి జాన్సన్ కుర్చీకి దగ్గరగా ఉంటుంది. నిబంధన కాగితం ఉండదు, సంఘ పుస్తకం ఉండదు, మెట్లు ఉండవు. ఆదివారం ప్రసంగంలో పేరెత్తకుండా తిట్టడం ఉంటుంది. విడిచి వెళ్లిన కుటుంబం మీద శాపం పడుతుందన్న మాట ఉంటుంది.

అలాంటి సంఘంలో పెద్దగా ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే నేను కోరేవి ఇవి. ఫిర్యాదు కాపరి మీదో ఆయన కుటుంబం మీదో అయితే ఆ కూడికకు కాపరి అధ్యక్షత వహించకూడదని రాసి పెట్టండి. ఇంట్లో హింస గురించి ఫిర్యాదు వస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడమనకండి. ఆ విషయం పోలీసులకూ చట్టానికీ కూడా సంబంధించిందని మొదటి రోజే చెప్పండి. పలకరించడానికి వెళ్లే ఇద్దరిలో ఒకరిని ఆ మనిషే ఎంచుకోవాలి. ఆ మనిషి స్త్రీ అయితే వెళ్లేవాళ్లలో స్త్రీ ఉండాలి. ఏం అడిగారో, ఏం జవాబొచ్చిందో పుస్తకంలో రాసి, రాసింది చదివి వినిపించండి. వెలి దాకా వస్తే పక్క ఊరి రెండు సంఘాల పెద్దల్ని పిలిచి వినమనండి, వాళ్ల సలహా మీకు నచ్చకపోయినా సంఘమంతటికీ చదివి వినిపించండి. వెళ్లిపోతానన్నవాళ్లకు అడిగిన నెలలోపే, ఏ సంఘానికని అడగకుండా ఉత్తరం ఇవ్వండి.